నాన్న వేలు ఆనించి చదివిన పేర్లు

మొన్న అడ్వెంట్ (క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం) మొదటి ఆదివారం. రాత్రి ప్రార్థన అయ్యాక కొవ్వొత్తి ఆర్పితే ఒత్తి చివర నుంచి సన్నగా పొగ లేచింది. పక్కనే తెరిచి ఉన్న నాన్న బైబిలు. కాలిన ఒత్తి వాసనా, ఆ పాత కాగితాల వాసనా ఒక్కసారిగా ముక్కుకి తగిలేసరికి, లేవబోయినదాన్ని మళ్ళీ కుర్చీలో కూర్చుండిపోయాను.

నాన్న బైబిలుకి ఒక వాసన ఉంది. కిరసనాయిలు, అచ్చు సిరా, వాటి మీద ఏళ్ళ పాతదనం. ఆ బైబిలుకి అట్ట మార్పించాం, కుట్టు రెండుసార్లు వేయించాం. వాసన పోలేదు. పోకపోవడమే నాకు కావాలి.

డిసెంబరు వస్తోందంటే గుండె బరువెక్కిన సంవత్సరాలు నాకూ ఉన్నాయి. అందరూ పాడుతున్న రోజుల్లో మన ఇంట్లో ఒక మనిషి తగ్గితే ఎలా ఉంటుందో, అది పడినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. "నాన్నగారు పోయాక వచ్చిన మొదటి క్రిస్మస్‌ని ఎలా దాటారండీ?" అని ఈమధ్య ఒకామె నన్ను ఫోనులో అడిగింది. వాళ్ళాయన పోయి అప్పటికి రెండు నెలలు. నాకు సరిగ్గా చెప్పడం చేతకాలేదు. దేవుడే దాటించాడమ్మా అన్నాను. అది నిజమే. కానీ ఎలా దాటించాడో చెప్పాలంటే చాలా వెనక్కి, మా నాన్న పనిచేసిన అచ్చాఫీసు దాకా వెళ్ళాలి.

*

నాన్న కంపోజిటరు. ఇప్పటి పిల్లలకి ఆ మాటే తెలియదు. అప్పట్లో పుస్తకం అచ్చవ్వాలంటే ప్రతి అక్షరాన్నీ చేత్తో ఏరి పేర్చాలి. ఎదురుగా వాలుగా నిలబెట్టిన చెక్క కేసులు, వాటి నిండా చిన్న చిన్న గళ్ళు, గడికో రకం సీసపు అక్షరం. తెలుగుకి మరీ ఎక్కువ గళ్ళు కావాలి. అక్షరాలకి, గుణింతాలకి, వత్తులకి వేరు వేరు ముక్కలుంటాయి మరి. ఎడమచేతిలో కంపోజింగ్ స్టిక్కు పట్టుకుని, కుడిచేత్తో కేసు వంక చూడకుండానే ముక్కలు తీసి అందులో వేస్తుంటే టిక్కు టిక్కుమని ఆగకుండా చప్పుడు. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటాయి. నాన్న వాటిని మనం పేపరు చదివినంత సులువుగా చదివేవారు.

అమ్మ ఏదైనా పని మీద పంపితే నేను అక్కడికి వెళ్ళేదాన్ని. గుమ్మం దాటగానే ట్రెడిల్ మిషను అదురు అరికాళ్ళకి తెలిసేది. అచ్చయిపోయిన పేజీని అలా వదిలేయడానికి లేదు. కిరసనాయిలుతో కడిగి, కట్టు విప్పి, ఒక్కో ముక్కనీ మళ్ళీ దాని గడిలో వెయ్యాలి. రేపటి పుస్తకానికీ అవే అక్షరాలు.

ఒకసారి అలా విప్పిన ముక్కల్లో నాకు ఒకటి దొరికింది. దాని మీద ఏమీ లేదు, నున్నగా ఉంది. "నాన్నా, ఇది అరిగిపోయింది, పారేద్దామా?" అన్నాను.

నాన్న దాన్ని తీసుకుని నా అరచేతిలో పెట్టారు. చూపుడు వేలి గోరంత కూడా లేదు, కానీ సీసం కదా, బరువు తెలిసింది. "అది అరగలేదమ్మా. అది స్పేసు. మాటకీ మాటకీ మధ్య పెడతాం. అక్షరాల కంటే పొట్టిగా ఉంటుంది కాబట్టి సిరా అంటదు, కాగితం మీద కనపడదు. కానీ అది లేదనుకో, వరుసంతా వదులైపోతుంది. పైకెత్తగానే అన్నీ జారి కింద పడతాయి."

అప్పుడు నాకది అచ్చాఫీసు సంగతి మాత్రమే. ఆ ముక్క ఇచ్చెయ్యబుద్ధి కాలేదు. నాన్న గమనించి కూడా ఏమీ అనలేదు. ఎన్ని ఇళ్ళు మారినా అది నా దగ్గరే ఉంది.

*

మా ఇంట్లో రాత్రి పడుకునే ముందు కుటుంబ ప్రార్థన. ఆ చప్పుళ్ళు ఒక వరుసలో వచ్చేవి. ముందు కుర్చీ నేల మీద గీసుకున్న చప్పుడు. తర్వాత కళ్ళజోడు డబ్బా మూత టప్పున తెరుచుకోవడం. నాన్న గొంతు ఒకసారి సవరించుకోవడం. ఆ తర్వాత బైబిలు పేజీలు తిప్పే చప్పుడు. ఆ పల్చటి కాగితం మామూలు కాగితంలా శబ్దం చెయ్యదు, గుసగుసలాడినట్టు ఉంటుంది. అమ్మ ఎప్పుడూ ముందుకొచ్చి కూర్చునేది కాదు. పని ముగించుకుంటూ గుమ్మం దగ్గరే గోడకి ఆనుకుని వినేది. వింటోందో లేదో కూడా మాకు తెలిసేది కాదు.

డిసెంబరు వాళ్ళ అచ్చాఫీసులో ఊపిరాడని నెల. క్యాలెండర్లు, డైరీలు, గ్రీటింగ్ కార్డులు. నాన్న ఎంత ఆలస్యంగా వచ్చినా, ముందు చేతులు కడుక్కోనిదే బైబిలు ముట్టుకునేవారు కాదు. ఎంత రుద్దినా గోళ్ళ మూలల్లో నలుపు మిగిలేది. ఆ వేలిని అక్షరాల కింద ఆనించి చదివేవారు.

అడ్వెంట్ మొదలైన రాత్రి ఆయన చదివేది మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో మొదట ఉన్న యేసు వంశావళి. అందులో దూతలు లేరు, గొర్రెల కాపరులు లేరు, నక్షత్రం లేదు. అబ్రాహాము ఇస్సాకును కనెను, ఇస్సాకు యాకోబును కనెను. పిల్లలకి అంతకంటే విసుగు పుట్టించేది ఇంకొకటి ఉండదు. ఒకసారి నేను ధైర్యం చేసి, లూకా సువార్త నుంచి చదవచ్చు కదా నాన్నా అన్నాను. "లూకా దగ్గరికీ వెళ్దాం. మత్తయి ఇక్కడ మొదలుపెట్టాడు కదా, ఆయన్ని దాటి ఎలా పోతాం?" అన్నారు.

ఆయనకి ఒకటే నియమం, ఏ పేరూ దాటేయకూడదు. నాకూ తమ్ముడికీ వంతులు ఉండేవి. షయల్తీయేలు దగ్గర నాలుక మడతపడేది, జెరుబ్బాబెలు దగ్గర నవ్వు ఆగేది కాదు. నవ్వితే కోప్పడేవారు కాదు గానీ, నవ్వులో ఒక పేరు జారిపోతే మాత్రం వేలు వెనక్కి వెళ్ళి అక్కడ ఆగేది. మళ్ళీ అక్కడ నుంచి చదవాల్సిందే. అక్షరం పోతే పేజీ పోయినట్టే అని రోజంతా పనిచేసే మనిషి, పేరు పోతే ఊరుకుంటారా?

ఆ పేర్ల పట్టిక చివర్లో మత్తయి లెక్క చెబుతాడు. అబ్రాహాము నుంచి దావీదు వరకు 14 తరములు, దావీదు నుంచి బబులోను చెర వరకు, అంటే యూదుల్ని బబులోనుకి బందీలుగా తీసుకుపోయిన కాలం వరకు 14, చెర నుంచి క్రీస్తు వరకు 14. అంటే 42. నాన్నకి ఆ అంకె అంటే చాలా ఇష్టం. 1455 ప్రాంతంలో గూటెన్‌బర్గ్ మైన్జ్ నగరంలో కదిలే అచ్చులతో బైబిలు వేస్తే, దాదాపు ప్రతి పేజీలో ఒక్కో నిలువు వరుసకి 42 లైన్లు వచ్చాయట. అందుకే దాన్ని 42 లైన్ల బైబిలు అంటారు. ఆ సంగతి చెబుతున్నప్పుడు నాన్న ముఖం, తన ఇంటి పెద్దవాళ్ళ గురించి చెబుతున్నట్టు ఉండేది.

మా తమ్ముడు లెక్కల్లో చురుకు. ఒక రాత్రి కాగితం పెన్సిలు తీసుకుని పేర్లన్నీ రాసి లెక్కపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. "నాన్నా, 41 మందే ఉన్నారు! చివరి దాంట్లో 13 పేర్లే. ఒకటి తగ్గింది. అచ్చుతప్పేమో!"

నాన్న కాగితం తీసుకుని తనూ వేలు పెట్టి లెక్కపెట్టారు. 41. కొంతమంది దావీదుని రెండుసార్లు లెక్కపెడతారనీ, కొంతమంది యెకొన్యాని రెండుసార్లు పెడతారనీ చెప్పారు. "అయితే ఏది కరెక్టు?" అని వీడు పట్టుబట్టాడు.

"నాకు తెలీదురా. ఉన్నది ఉన్నట్టే చదువుదాం. ఖాళీ కనపడింది కదా అని మనకి తోచిన పేరు దూర్చకూడదు."

*

మేం పెద్ద తరగతుల్లోకి వచ్చేసరికి ఆఫ్‌సెట్ మిషన్లు వచ్చేశాయి. అక్షరాలు కంప్యూటర్లోనే పేర్చడం మొదలైంది. నాన్న పనిచేసే అచ్చాఫీసు కొన్నాళ్ళు గుంజుకొచ్చి చివరికి మూతపడింది. అదీ డిసెంబరులోనే.

చివరి రోజు వాళ్ళ చేతే కేసులన్నీ ఖాళీ చేయించారు. అక్షరాలన్నీ కలిపి గోతాల్లో పోసి సీసం కింద తూకానికి అమ్మేశారు. ఎన్నో ఏళ్ళు ఒక్క ముక్క కూడా పక్క గడిలో పడకుండా చూసుకున్న మనిషి, అన్నిటినీ కలగాపులగంగా గోతంలో పోశారు. ఆ సంగతి ఆయన మాకు చెప్పలేదు. చాలా కాలం తర్వాత ఆయనతో పనిచేసినాయన చెప్పారు.

ఆ రాత్రి మాత్రం కళ్ళ ముందు ఉంది. నాన్న వచ్చారు, చెప్పులు విప్పి నేరుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అమ్మ ఏమీ అడగలేదు. ఆ డిసెంబరులో పండగ మాట ఎత్తడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు. ప్రార్థన మానేస్తారేమో అనుకున్నాం. బైబిలు తీశారు. మత్తయి ఒకటి. అది అడ్వెంట్ మొదటి రాత్రి కాదు, అప్పటికే ఒకసారి చదివేశాం. అయినా తీశారు.

బబులోను చెర దాకా వచ్చి ఆగారు. చాలాసేపు ఆగారు. తర్వాత మామూలు గొంతుతోనే అన్నారు: "ఇక్కడి దాకా రాజులు. వీళ్ళ కథలు రాజుల గ్రంథాల్లో ఉన్నాయి. చెర తర్వాత చూడండి. జెరుబ్బాబెలు దాటాక, అబీహూదు దగ్గర్నుంచి యోసేపు తండ్రి దాకా, వీళ్ళెవరో పాత నిబంధనలో వెతికినా దొరకదు. అజోరు. ఏం పని చేశాడో తెలీదు. ఏమైపోయాడో తెలీదు. కానీ చెరతో పేర్లు ఆగిపోలేదు."

అంతే, మళ్ళీ చదివారు. అజోరు సాదోకును కనెను, సాదోకు ఆకీమును కనెను.

నాన్న అచ్చుకూర్చిన వందల పుస్తకాల్లో ఎక్కడా ఆయన పేరు ఉండదు. కంపోజిటరు పేరు ఎవరూ వెయ్యరు. ఇది నేను ఇప్పుడు ఆలోచించి రాస్తున్న మాట, ఆ రాత్రి నాకు తట్టలేదు. ఆ రాత్రి నాకు టెన్షనల్లా స్కూలు ఫీజు గురించే. తర్వాత నాన్నకి ప్రూఫులు దిద్దే పని దొరికింది, కళ్ళు పనిచేసినన్నాళ్ళూ అదే చేశారు.

*

నాన్న నవంబరు చివర్లో పోయారు. ఆసుపత్రి సంగతులు రాయను. రాసినా అక్కడ నాకు గుర్తున్నది గోడ గడియారం ఒక్కటే.

భూస్థాపన అయిన వారానికే అడ్వెంట్ మొదలైంది. ఇంటికి చాలామంది వచ్చారు. ప్రేమతోనే వచ్చారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఏడవకండమ్మా, ఆయన ప్రభువు దగ్గర సంతోషంగా ఉన్నారు కదా, విశ్వాసులు దుఃఖపడకూడదు కదా, అని ఒకరి తర్వాత ఒకరు అంటుంటే, ఏడవడం కూడా తప్పేనేమో అనిపించేది. నాన్న ప్రభువు దగ్గర ఉన్నారని నేనూ నమ్ముతాను, ఈ రోజుకీ నమ్ముతాను. ఆ నమ్మకం వల్ల కుర్చీ ఖాళీ కాకుండా పోదు కదా. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర, ఇంకాసేపట్లో అతన్ని లేపబోతున్నానని తెలిసి కూడా, యేసు కన్నీళ్లు విడిచెను. ఆ వచనం అప్పుడు ఎవరైనా గుర్తుచేస్తే బాగుండేది.

చర్చికి వెళ్ళాను. క్వాయర్ మొదటి పాట అందుకోగానే గొంతు పట్టేసింది. పెదవులు కదిపాను, శబ్దం రాలేదు. పక్కన ఒక పెద్దావిడ. ఆమెతో నాకు పలకరింపుకి మించి పరిచయం లేదు. ఆమె నా వైపు చూడలేదు, చెయ్యి పట్టుకోలేదు. పాటల పుస్తకాన్ని మాత్రం నా వైపుకి జరిపి, మునుపటి కంటే కాస్త గట్టిగా పాడటం మొదలుపెట్టింది. నా వంతు కూడా ఆమే పాడుతున్నట్టు. ఆరాధన అయ్యేదాకా అలాగే పాడింది. సంఘం అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే నాకు ముందు ఆ గొంతు వినపడుతుంది.

అమ్మ చర్చికి రాలేదు. ఇంట్లో ప్రార్థన కూడా ఆగిపోయింది. బైబిలు అలమారలో పెట్టేసింది.

ఒక సాయంత్రం మా పాస్టరు అయ్యగారు వచ్చారు. వాక్యం చెబుతారని నేను లోలోపల గట్టిపడిపోయాను. ఇంకో ఓదార్పు మాట వినే ఓపిక నాకు లేదు. ఆయన కూర్చుని, కీర్తనల గ్రంథం 88 తీసి, మొదటి నుంచి చివరి దాకా మెల్లగా చదివారు. ఆ కీర్తన తెలిసినవాళ్ళకి తెలుసు. మిగతా మొరల్లో చాలావరకు చివర్లో ఎక్కడో ఒకచోట వెలుగు వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్నదే ఆఖరి మాట.

చదివి, బైబిలు మూసి, "ఇది కూడా వాక్యమేనమ్మా" అన్నారు. ప్రార్థన చేశారు, రెండు వాక్యాలు. వెళ్ళిపోయారు.

అమ్మ ఆ రాత్రి మొదటిసారి పెద్దగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దుఃఖపడటం అవిశ్వాసం కాదని, ఆ మాటలు బైబిల్లో రాసి ఉండటమే అందుకు సాక్ష్యమని, అప్పటికి గానీ నా మనసుకి ఎక్కలేదు.

*

క్రిస్మస్ ముందు రాత్రి. తమ్ముడు నాన్న కుర్చీ పక్క గదిలో పెట్టేద్దామన్నాడు, అమ్మ చూసి బాధపడుతుందని. అమ్మ వినేసింది. "ఉండనీరా" అంది.

కాసేపటికి తనే అలమార తెరిచి బైబిలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "చదువు" అంది. ఏది చదవనని అడగలేదు నేను. కొవ్వొత్తి వెలిగించి మత్తయి మొదటి అధ్యాయం తీశాను.

అప్పుడు చూశాను. బబులోను చెర ఉన్న వచనం పక్కన, అంచున, ఒక బొటనవేలి ముద్ర. నల్లగా, గీతలతో సహా. ఎడమవైపు కొంచెం ఒరిగి, కింద భాగం పలచబడి ఉంది. చేతులు కడుక్కోకుండా నాన్న బైబిలు ముట్టుకున్నది జీవితంలో ఒక్క రాత్రే, గోతాల్లో సీసం పోసి వచ్చిన ఆ రాత్రి. అన్నేళ్ళూ ఆ పేజీ చదివించుకుంటూ వచ్చాం, నేను ఎప్పుడూ చూడలేదు. చదివేటప్పుడు ఆయన చెయ్యి సరిగ్గా అక్కడే ఉండేదేమో.

ముద్ర మీద నా బొటనవేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను. గొంతు తెగింది, ఆగాను, మళ్ళీ చదివాను. ఎవరూ తొందరపెట్టలేదు. అమ్మ ఆ రాత్రి గుమ్మం దగ్గర లేదు, నా పక్కనే నేల మీద కూర్చుంది.

"తామారు" అన్నాను. అమ్మ ఒక వేలు మడిచింది. రాహాబు దాటాక "రూతు" అన్నాను. ఇంకో వేలు మడిచింది. "ఊరియా భార్యగానుండిన ఆమె" అన్నప్పుడు మూడో వేలు మడిచి, నన్ను ఆపింది.

"ముగ్గురూ మొగుళ్ళు పోయినవాళ్ళే" అంది.

నాకు మాట రాలేదు. మరియకి ముందు ఆ పట్టికలో ఉన్న ఆడవాళ్ళు నలుగురు. అందులో ముగ్గురు విధవరాండ్రు. ఇన్నేళ్ళు గోడకి ఆనుకుని, ఒక్క మాటా అనకుండా, అమ్మ విన్నది ఇది.

"మరి నయోమి?" అంది మళ్ళీ తనే. "రూతు అత్త. ఆవిడ పేరు ఇందులో లేదు గానీ, రూతుని తీసుకొచ్చింది ఆవిడే కదా. మొగుడు పోయి, ఇద్దరు కొడుకులూ పోయి వెనక్కి వచ్చింది. నన్ను నయోమి అనకండి, మారా అనండి, అంటే చేదు అని పిలవండి అంది. దేవుడు నన్ను వట్టి చేతులతో తీసుకొచ్చాడంది. ఏ ఊరికి వచ్చింది?"

"బేత్లెహేముకి" అన్నాను.

"మరి" అంది అమ్మ. ఇంకేమీ అనలేదు.

మిగతాది చదివాను. అజోరు, సాదోకు, ఆకీము, ఎలీహూదు. ఏ పేరూ వదల్లేదు. చివర 14, 14, 14 దగ్గరికి వచ్చేసరికి తమ్ముడు మెల్లగా "41" అన్నాడు. ముగ్గురం నాన్న కుర్చీ వైపు చూశాం. తర్వాత నా గదిలోకి వెళ్ళి ఆ స్పేసు ముక్క తెచ్చి, కొవ్వొత్తి పక్కన పెట్టాను. అమ్మకి అదేంటో తెలీదు. చెప్పాను. ఆ రాత్రి మా ముగ్గురికీ నిద్ర పట్టింది.

తెల్లవారి అమ్మ చర్చికి వచ్చింది.

*

చాలా ఏళ్ళ తర్వాత డీట్రిచ్ బోన్‌హోఫర్ జైలు ఉత్తరాలు చదివాను. జర్మన్ పాస్టరు, హిట్లర్‌ని ఎదిరించినాయన. 1943 ఏప్రిల్‌లో అరెస్టు చేసి బెర్లిన్‌లోని టేగెల్ జైల్లో పెట్టారు. ఆ ఏడాది క్రిస్మస్ ముందు రోజు తన స్నేహితుడికీ, అతని భార్యకీ ఒక ఉత్తరం రాశారు. మనం ప్రేమించినవాళ్ళు లేని లోటుని ఏదీ పూడ్చలేదనీ, పూడ్చే ప్రయత్నం చెయ్యకూడదనీ అందులో అంటారు. దేవుడు ఆ ఖాళీని నింపుతాడనడం సరికాదు, ఆయన దాన్ని ఖాళీగానే ఉంచుతాడు, అందువల్లే మన మధ్య బంధం తెగకుండా నిలుస్తుంది అని ఆ మాటల భావం. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ క్యాంపులో ఆయన్ని ఉరితీశారు. అప్పటికి 39 ఏళ్ళు.

ఆ ఉత్తరం చదివి పుస్తకం మూశాను. అరచేతిలో సీసం బరువు తెలిసింది. ముక్క అలమారలో ఉంది, చేతిలో లేదు. అయినా తెలిసింది.

మనం క్రిస్మస్‌ని తొందరగా చుట్టబెట్టేస్తాం. 25 అయిపోగానే పశువుల తొట్టి బొమ్మలు పెట్టెలోకి వెళ్ళిపోతాయి. పుట్టిన కథ మాత్రం అక్కడ ఆగదు. మత్తయి రెండో అధ్యాయంలోనే రాహేలు తన పిల్లల కోసం ఏడుస్తూ "ఓదార్పు పొందనొల్లక యుండెను" అని ఉంది. హేరోదు రాజు బేత్లెహేములో చంపించిన పసివాళ్ళ కోసం చాలా సంఘాలు డిసెంబరు 28ని ప్రత్యేకంగా గుర్తుచేసుకుంటాయి. లూకాలో అన్న ప్రవక్త్రి ఉంది, ఏళ్ళ తరబడి విధవరాలై దేవాలయం విడవకుండా ఉన్నది. పసిబిడ్డని చూసి దేవుణ్ణి స్తుతించినవాళ్ళలో ఆమె ఒకతె. కన్నీళ్ళతో పండక్కి వచ్చినవాళ్ళు ఈ కథలోకి బయటి నుంచి వచ్చినవాళ్ళు కాదు. వాళ్ళ స్థలం మొదటి నుంచీ ఉంది. ఇది నేను పుస్తకాల్లో చదివి అంటున్న మాట కాదు, మా అమ్మ మడిచిన మూడు వేళ్ళు చూసి అంటున్నాను.

ఫోను చేసినామెకి ఇదంతా చెప్పాలి. లేదు, చెప్పడం తర్వాత. ఈ ఆదివారం చర్చిలో ఆమె పక్కన కూర్చుంటాను. పాటల పుస్తకం అటు జరుపుతాను.

*

మొన్న ఆదివారం కొవ్వొత్తి ఆర్పకముందు సంగతి ఇది. అమ్మకి ఇప్పుడు కళ్ళు సరిగా కనపడవు, మంచం మీదే పడుకుని వింటుంది. ఒక్కోసారి వింటూ నిద్రపోతుంది. నాన్న కుర్చీలో తమ్ముడి చిన్నకూతురు కూర్చుంది. కాళ్ళు నేలకి అందవు. ఈ ఏడు తనే చదువుతానని పట్టుబట్టింది.

బాగానే చదివింది. షయల్తీయేలు దగ్గర నాలుక మడతపడింది. జెరుబ్బాబెలు దగ్గర పకపకా నవ్వింది, వాళ్ళ నాన్న కూడా నవ్వాడు. బబులోను పక్కనున్న నల్ల మచ్చ ఏంటని అడిగింది. తాతగారి వేలు అని చెప్పాం. దాని పక్కన తన వేలు పెట్టి కొలుచుకుంది. తర్వాత వేగం పెంచింది. అబీహూదు ఎల్యాకీమును కనెను, ఎల్యాకీము సాదోకును కనెను...

"అజోరు ఏడమ్మా?"

మంచం మీద నుంచి అమ్మ. కళ్ళు మూసుకునే ఉన్నాయి. నిద్రపోయిందనుకున్నాం అందరం.

పిల్ల నాలుక కరుచుకుని, వరుస వెనక్కి వెతుక్కుని, ఆ పేరు కింద వేలు ఆనించి మళ్ళీ మొదలుపెట్టింది.